స్టౌట్ చల్లగా తాగాలా, కూలింగ్ లేకుండానా? మా ఇంటి పంచాయితీ

నల్లకుంట_నాని (హైదరాబాద్)

పెద్దలూ, ఒక పంచాయితీ తీర్చాలి. మా బావ పదేళ్ళుగా డబ్లిన్‌లో ఉంటున్నాడు. మొన్న సంక్రాంతికి శ్రీలంక తిరిగి అటునుంచి హైదరాబాద్ వచ్చాడు. వస్తూ వస్తూ రెండు సీసాల లయన్ స్టౌట్ తెచ్చాడు. స్టౌట్ అంటే బాగా వేయించిన బార్లీతో కాచే నల్ల బీరు. నల్లగా తారులా ఉంది, 8.8 శాతం ఆల్కహాల్ అని లేబుల్ మీద ఉంది. మర్యాద చేద్దామని ఒక సీసా ఫ్రీజర్‌లో పెట్టాను. బావ వంటింట్లోకి వచ్చి చూసి, చంటిపిల్లను బావిలోంచి తీసినట్టు దాన్ని బయటికి తీశాడు. "స్టౌట్ ఫ్రీజర్‌లో పెట్టడమూ, బిర్యానీ ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే తినడమూ ఒకటే" అన్నాడు. స్టౌట్‌ని కూలింగ్ లేకుండా తాగాలట, అదే సంప్రదాయమట.

నాకు ఎక్కలేదు. మనం వైన్ షాపుకి వెళ్తే ముందు "అన్నా, కూలింగ్ ఉందా" అని అడుగుతాం, ఆ తర్వాతే బ్రాండ్ పేరు. చల్లగా లేని బీరంటే నా దృష్టిలో కరెంటు పోయిన రాత్రి బీరు. పండగ కాబట్టి గొడవ పడలేదు. సీసాలు రెండూ అలాగే ఉన్నాయి. ఇప్పుడు చెప్పండి, ఎవరిది రైటు?

లిఫీ_ఒడ్డున (డబ్లిన్)

నాని గారూ, మీ బావ చెప్పింది సగం నిజం. ఆయన ఉండే ఊళ్ళోనే ఆ మాట పూర్తిగా చెల్లదు. ఇక్కడ ఏ పబ్బుకి వెళ్ళినా ట్యాప్ నుంచి వచ్చే గిన్నెస్ (ఇక్కడి పేరున్న స్టౌట్) చల్లగానే ఉంటుంది. కంపెనీ చెప్పే లెక్క సుమారు 6 డిగ్రీలు. 1998లో ఎక్స్‌ట్రా కోల్డ్ అని ఇంకో ట్యాప్ కూడా తెచ్చారు, అది 3.5 డిగ్రీలు. కాబట్టి "ఐర్లండ్‌లో వెచ్చగా తాగుతారు" అనేది ఎవరో చెప్పగా విన్న మాట.

మిగతా సగం ఎక్కడుందో చెప్తాను. మా ఆఫీసు వెనక ఒక పాత పబ్బు ఉంది. సాయంత్రం ఆరింటికి ఒక ముసలాయన వస్తాడు, టోపీ తీసి పక్క స్టూలు మీద పెడతాడు. బార్‌లో అబ్బాయి ఏమీ అడగడు. ఫ్రిజ్ వైపు వెళ్ళడు. వెనక అలమరలోంచి ఒక పెద్ద సీసా తీసి, మూత ఊడదీసి, ఖాళీ గ్లాసుతో పాటు ఆయన ముందు పెడతాడు. దాన్ని ఇక్కడ "ఆఫ్ ద షెల్ఫ్" అంటారు. అంటే అలమర మీది సీసా, ఫ్రిజ్ ముఖం చూడనిది. ముసలాయన గ్లాసు వంచి సగం పోసుకుంటాడు, పేపర్ ఒక పేజీ చదువుతాడు, నురగ దిగాక మిగతాది పోసుకుంటాడు. ఒకసారి ధైర్యం చేసి ఎందుకలా అని అడిగాను. ఫ్రిజ్‌లోది కడుపుకి పడదు, పైగా రుచి తెలీదు అన్నాడు.

మీ బావ చూసిన సంప్రదాయం ఆ అలమర సీసాది. ట్యాప్‌ది కాదు.

నురగ_నారాయణ (బెంగళూరు)

సంప్రదాయం అనగానే మనవాళ్ళు చెప్పులు విప్పి నిలబడతారు. ఫ్రిజ్ లేని రోజుల్లో ఫ్రిజ్ లేకుండా తాగారు. అందులో గొప్పేముంది? ఆర్థర్ గిన్నెస్ 1759లో 45 పౌండ్ల ఏడాది అద్దెకి 9,000 ఏళ్ళ లీజు రాయించుకున్న నాటికి ఫ్రిజ్ ఎక్కడుంది? ఉంటే ఆయనే మొదట కొనేవాడు.

నేను ఇక్కడి మైక్రోబ్రూవరీల్లో స్టౌట్ తాగని వారం లేదు. చల్లటి గ్లాసు, పైన మీగడలాంటి నురగ, కింద నల్లటి చల్లదనం. మొదటి గుక్కకి ఆ రెండూ కలవాలి. అదే గ్లాసు కబుర్లలో పడి అరగంట వదిలేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. నిన్నటి ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌లో నీళ్ళు కలిపినట్టు ఉంటుంది. నా ఓటు చల్లదనానికే, రెండో మాట లేదు.

వాసన_శాస్త్రం (మైసూరు)

నేను ఫుడ్ టెక్నాలజీ చదివాను, రోజూ రుచులతోనే పని. ఇష్టాల సంగతి పక్కన పెట్టి, నాలుక మీద ఏం జరుగుతుందో చెప్తాను.

తీపిని గుర్తించే కణాల్లో టీఆర్‌పీఎం5 అని ఒక ద్వారం ఉంటుంది. అది వేడి పెరిగేకొద్దీ బాగా తెరుచుకుంటుంది. 15 నుంచి 35 డిగ్రీల మధ్య ఈ తేడా ఎంత గట్టిగా ఉంటుందో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 2005లో నేచర్ పత్రికలో చూపించారు. కరిగిన ఐస్‌క్రీమ్ వెగటుగా తియ్యగా అనిపించడానికి కారణం అదే. స్టౌట్‌లో మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి కొంత, వేయించిన బార్లీ చేదు కొంత ఉంటాయి. బాగా చల్లగా ఉంటే తీపి ముందు పడుకుంటుంది. దాంతో మాడు, చేదు ఒంటరిగా మిగిలి, బొగ్గు నమిలినట్టు అనిపిస్తుంది.

ఇక వాసన. కాఫీ గింజలు వేగుతుంటే వీధి చివరిదాకా వచ్చే ఆ కమ్మదనంలో పైరజీన్లు అనే పదార్థాలుంటాయి. బార్లీని నల్లగా వేయించినా అవే పుడతాయి. చల్లటి ద్రవంలోంచి అవి గాల్లోకి లేవవు. ముక్కుకి అందని దాన్ని నాలుక ఒక్కటే ఏం చేయగలదు? మన చారు చల్లారాక ఇంగువ ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు, గిన్నెలోనే ఉంటుంది, లేవదంతే.

మూడోది గ్యాసు. సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు సుమారు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుంటాయి. 20 డిగ్రీలకి వచ్చేసరికి అది 0.9 లీటరు దాకా పడిపోతుంది. అందుకే వెచ్చటి బీరు గ్లాసులో పొంగిపోయి, ఆ తర్వాత చప్పబడుతుంది. ఈ ఒక్క విషయంలో నారాయణ గారి అరగంట గ్లాసు నిజమే.

కూలింగ్_కుమార్ (కరీంనగర్)

ఐసు ముక్క వేసుకుంటే తప్పా?

నురగ_నారాయణ (బెంగళూరు)

కుమార్ తమ్ముడూ, దయచేసి వద్దు. ఆ విషయంలో రెండు పార్టీలూ ఒకటే.

మేడమ్ గారూ, కరిగిన ఐస్‌క్రీమ్ మాట మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. కరిగితే తీపి ఎక్కువ తెలుస్తుంది, వాసనా ఎక్కువ తెలుస్తుంది. అయినా ఎవరైనా ఐస్‌క్రీమ్ కరిగించుకుని తాగుతారా? ఎక్కువ తెలియడం వేరు, బాగుండటం వేరు. చల్లదనం కూడా రుచిలో భాగమే. నాకు ఆ పైరజీన్లన్నీ లెక్కపెట్టుకోవాలని లేదు.

వాసన_శాస్త్రం (మైసూరు)

మంచి ప్రశ్న, ఒప్పుకుంటున్నాను. కానీ ఒకటి గమనించండి. ఐస్‌క్రీమ్ చేసేవాడికి అది గడ్డకట్టి నోట్లోకి వస్తుందని ముందే తెలుసు. అందుకే పంచదార దండిగా వేస్తాడు. చలి తినేసే తీపిని ముందే కలిపి పెడతాడు. అంటే వంట మొదలుపెట్టినప్పుడే వడ్డించే చలి ఎంతో లెక్కలో ఉంది. మరి స్టౌట్ కాచినవాడి లెక్కలో ఏ చలి ఉంది? అది తేలితే మిగతాది తేలిపోతుంది. అన్ని స్టౌట్లకీ ఒకే లెక్క ఉందని నేను అనుకోను.

కార్క్_కుర్రాడు (కార్క్, ఐర్లండ్)

అక్కా, సరిగ్గా అక్కడికే వచ్చారు. నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తూ వారానికి మూడు రాత్రులు ఒక బార్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. పైంట్ పోయడమే నా పని కాబట్టి లోపలి సంగతి చెప్తాను.

మీరు ట్యాప్ దగ్గర చూసే ఆ మీగడ నురగ పాతకాలంది కాదు. గిన్నెస్‌లో మైకేల్ ఆష్ అనే గణితం చదివిన ఆయన ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి నైట్రోజన్ పద్ధతి తెచ్చాడు. అది బయటికి వచ్చింది 1959లో, కంపెనీకి 200 ఏళ్ళు నిండిన సంవత్సరం. అంతకుముందు పబ్బుల్లో రెండు పీపాలు ఉండేవి. పైన పెట్టిన పీపాలో కొత్త సరుకు, బాగా పొంగుతుంది. కిందిదాంట్లో నిలవుంది, పొంగు చచ్చింది. ఒకదాన్నుంచి బీరు, ఇంకోదాన్నుంచి నురగ పట్టి, దించి, పైన గీకేసి, మళ్ళీ నింపి ఇచ్చేవారట. నైట్రోజన్ వచ్చాక ఒక్క కెగ్‌తో (గ్యాసు ఒత్తిడితో బీరు బయటికి తోసే లోహపు పీపా) పని అయిపోయింది.

నైట్రోజన్ బీరులో కరగనే కరగదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో పదహారు మిల్లీలీటర్లు, అంతే. అందుకే కెగ్‌కి మిక్స్ గ్యాస్ కడతాం, మూడొంతుల దాకా నైట్రోజన్, మిగతాది కార్బన్ డయాక్సైడ్. ట్యాప్ మూతి లోపల చిన్న చిన్న రంధ్రాల పళ్ళెం ఉంటుంది. దాంట్లోంచి ఒత్తిడితో దూరితే ఆ సన్నటి బుడగలు పుడతాయి. ఈ వ్యవస్థ మొత్తం చల్లటి బీరు కోసం సర్దినది. ఒక శనివారం రాత్రి మా కూలర్ ఆగిపోయింది. ఇరవై నిమిషాలు ఎవరం గమనించలేదు. ఆ తర్వాత పట్టిన గ్లాసుల్లో సగం పైగా నురగే, మూడు గ్లాసులు పారబోస్తే ఒకటి తయారయ్యింది. మేనేజర్ ముఖం చూడాలి అప్పుడు.

ఇంకో రహస్యం. ఎక్స్‌ట్రా కోల్డ్ అనేది వేరే బీరు కాదు. అదే సరుకు, ఇంకో చల్లబరిచే పెట్టెలోంచి పోతుంది, అంతే. టూరిస్టులు రెండూ పక్కపక్కన పెట్టుకుని "ఇది తేలిగ్గా ఉంది, అది చిక్కగా ఉంది" అని మాట్లాడుకుంటారు. ఉన్న తేడా అంతా రెండు మూడు డిగ్రీలు. మేడమ్ చెప్పిన నాలుక సిద్ధాంతానికి ఇంతకంటే రుజువేం కావాలి?

నా మాట: ట్యాప్ స్టౌట్, లోపల గోళీ (మూత తీయగానే నైట్రోజన్ వదిలి నురగ తెప్పించే ప్లాస్టిక్ బంతి) ఉన్న క్యాన్ స్టౌట్ అయితే చల్లగానే. ఫ్రీజర్‌లో గ్లాసు పెట్టడం మాత్రం వద్దు, నురగ గరుకుగా వస్తుంది.

లిఫీ_ఒడ్డున (డబ్లిన్)

బుడగల మాట వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. గ్లాసు అంచు వెంబడి బుడగలు కిందికి దిగుతున్నట్టు కనిపిస్తాయి కదా, తాగిన మత్తు కాదది. గ్లాసు కిందికి సన్నబడుతుంది కాబట్టి మధ్యలో బీరు పైకి, గోడల వెంట కిందికి తిరుగుతుంది. ఆ ప్రవాహం చిన్న బుడగల్ని లాక్కుపోతుంది. లిమెరిక్ విశ్వవిద్యాలయం గణితవేత్తలు 2012లో లెక్క కట్టి చూపించారు. ఈ దేశంలో గణితవేత్తలకి స్టౌట్ తప్ప వేరే పని లేదేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

షెఫీల్డ్_డాక్టర్ (ఇంగ్లండ్)

మా ఇంగ్లీషువాళ్ళ మీద కూడా ఇదే అపవాదు ఉంది, వెచ్చటి బీరు తాగుతారని. ముప్ఫై ఏళ్ళ నుంచి ఇక్కడున్నాను, వెచ్చటి బీరు ఎవరూ ఇవ్వలేదు. చేతి పంపుతో లాగే పీపా బీరు భూమి కింది సెల్లార్‌లోంచి వస్తుంది. అక్కడ 11 నుంచి 13 డిగ్రీలు ఉండేలా చూసుకుంటారు. పబ్బు గదిలో పెట్టి వేడెక్కించరు. అమెరికా నుంచి వచ్చినవాళ్ళకి ఆ 12 డిగ్రీలు వెచ్చగా అనిపించి ఆ పేరు పెట్టారు. 1971లో పుట్టిన కామ్రా సంఘం వాళ్ళు కెగ్ బీరు మీద, దాని అతి చల్లదనం మీద పోరాడిందే ఈ పీపా బీరు కోసం.

కాబట్టి "చల్లగానా, గది వేడి మీదనా" అన్న ప్రశ్నలోనే తిరకాసు ఉంది. మధ్యలో సెల్లార్ అనే మూడో చోటు ఉంది. స్టౌట్, దాని తండ్రి పోర్టర్, రెండూ లండన్ సెల్లార్లలో పెరిగాయి. గట్టి పోర్టర్‌ని స్టౌట్ పోర్టర్ అనేవారు, తర్వాత పోర్టర్ మాట రాలిపోయింది. రష్యా రాణి కేథరీన్ కాలంలో లండన్ నుంచి అక్కడికి ఓడల్లో పోయిన ఇంపీరియల్ స్టౌట్‌ని ఇప్పటికీ 12, 13 డిగ్రీల దగ్గర చిన్న గ్లాసులో తాగితేనే తెలుస్తుంది. దాన్ని 4 డిగ్రీలకి దించితే చల్లటి దగ్గు మందు.

నైరోబీ_బాబాయ్ (కెన్యా)

అందరూ యూరప్ గురించే మాట్లాడుతున్నారు. ప్రపంచంలో స్టౌట్ గట్టిగా తాగేది ఆఫ్రికాలో అయ్యా. నైజీరియాలో ఇకెజాలో గిన్నెస్ ఫ్యాక్టరీ 1962లోనే కట్టారు. 1988లో అక్కడి ప్రభుత్వం బార్లీ దిగుమతి ఆపేస్తే జొన్నలతో కాచారు. మన జొన్నలే! సంగటి చేసుకునే గింజతో స్టౌట్ అన్నమాట.

ఇక మా కెన్యా సంగతి. ఇక్కడ బార్‌లో కూర్చోగానే అడిగే మొదటి ప్రశ్న "బరీది, మోటో?" స్వాహిలీలో బరీది అంటే చల్లనిది, మోటో అంటే వేడి. మోటో అంటే మరిగించినది కాదు, ఫ్రిజ్‌లో పెట్టనిది. ఒకే టేబుల్ మీద ఒకడు బరీది, ఇంకోడు మోటో తెప్పించుకుంటాడు, ఎవరూ ఎవర్నీ వెక్కిరించరు. గిన్నెస్ తాగే పెద్దమనుషుల్లో మోటో వాళ్ళని నేను చాలామందిని చూశాను. నేను వచ్చిన కొత్తలో నవ్వాను. ఇప్పుడు నేనూ మోటోనే. ఇంట్లో మా ఆవిడ మాత్రం "ఆ ఫ్రిజ్ ఎందుకు కొన్నట్టు" అంటుంది.

ఒకటి గుర్తుంచుకోండి. నైరోబీ సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది. ఏడాదిలో చాలా రోజులు సాయంత్రానికి స్వెటర్ వేసుకుంటాం. ఇక్కడ అలమర మీది సీసా 18, 20 డిగ్రీలు దాటదు. రాజమండ్రిలో మే నెలలో మోటో అడిగితే నన్ను ఆసుపత్రిలో చేర్చండి.

కూలింగ్_కుమార్ (కరీంనగర్)

రామగుండం కూడా కలపండి బాబాయ్.

సీమ_సుబ్బు (అనంతపురం)

బాబాయ్ గారు చెప్పిందే అసలు మాట. గది వేడి అంటే ఏ గది? జనవరిలో డబ్లిన్ పబ్బు అలమర ఒక గది. మా ఇంట్లో మేడ మీద రేకుల షెడ్డు ఒక గది. రెండూ గదులే. ఐర్లండ్ ముసలాయన అలమర సీసాని ఇక్కడికి తెచ్చి 40 డిగ్రీల్లో పెట్టి సంప్రదాయం అంటే, ఆ ముసలాయనే మొదట పారిపోతాడు.

మనకి సెల్లార్ లేదు కానీ కూజా ఉంది. ఫ్రిజ్ నీళ్ళు పళ్ళు జివ్వుమనిపిస్తాయి, కూజా నీళ్ళు గొంతులో దిగుతాయి. మట్టి వాసన కూడా తెలుస్తుంది. తేడా అక్కడే ఉంది. కల్లు సంగతి చూడండి. తెల్లవారుజామున చెట్టు మీంచి దించిన లొట్టి, పొద్దుటి చలి ఇంకా దానిలో ఉండగా తాగేవాడే రసికుడు. మధ్యాహ్నానికి అది ఇంకో పదార్థం. అలాగని దాన్ని ఎవరూ ఫ్రీజర్‌లో పెట్టరు. మా తాత ఉంటే ఫ్రిజ్‌లో కల్లు పెట్టినవాణ్ణి చెట్టుకే కట్టేసేవాడు.

నురగ_నారాయణ (బెంగళూరు)

కవిత్వం బాగుంది సుబ్బు గారూ. కానీ వెచ్చటి పార్టీవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో మెట్టు దిగుతున్నారు. మొదట గది వేడి అన్నారు. తర్వాత సెల్లార్, 12 డిగ్రీలు అన్నారు. ఇప్పుడు కూజా, పొద్దుటి చలి. ఇంకో రెండు పోస్టులకి ఫ్రిజ్‌లోకి వచ్చేస్తారు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను, రండి.

షెఫీల్డ్_డాక్టర్ (ఇంగ్లండ్)

హహ. ఫ్రిజ్ తలుపు దాకా వస్తాం, లోపలికి రాం. ఒక పాత ఉదాహరణ చెప్తాను, మీరే జవాబు చెప్పండి. గిన్నెస్ వాళ్ళు 1801లో వెస్టిండీస్‌కి పంపడానికి ఒక పోర్టర్ కాచారు. ఓడలో వారాల ప్రయాణం తట్టుకోవాలని హాప్స్ (చేదునిచ్చి బీరు పాడవకుండా కాపాడే పూలు) ఎక్కువ వేశారు, ఆల్కహాల్ పెంచారు. ఇవాళ 7.5 శాతంతో దొరికే ఫారిన్ ఎక్స్‌ట్రా దాని వంశమే. జమైకా రేవులో దిగిన ఆ పీపాలకి ఐసు పెట్టె ఎవరిచ్చారు? వైద్యం వృత్తి కాబట్టి ఊహించకూడదు కానీ, ఆ సరుకు చలిని దృష్టిలో పెట్టుకుని కాచింది కాదు. మైసూరు మేడమ్ అడిగిన ప్రశ్నకి అదీ జవాబు. నైట్రో పైంట్‌ని చలి కోసం కట్టారు, పాత గట్టి స్టౌట్‌ని చలి లేకుండా కట్టారు.

నురగ_నారాయణ (బెంగళూరు)

చలి లేదు కాబట్టి లేకుండా కట్టారు. జమైకావాళ్ళు ఇవాళ తమ డ్రాగన్ స్టౌట్‌ని చల్లగా తాగడం మానేశారా? కాచినవాడి ఉద్దేశం కాచినవాడితో పోయింది. తాగేది నేను. పులిహోర దేవుడి కోసం చేశారని మనం తినడం మానేశామా?

గణాంకాల_గంగాధర్ (విశాఖపట్నం)

ఇంత వాదన ఎందుకు, కళ్ళకి గంతలు కట్టి పరీక్ష పెట్టండి. పైగా ఆ విద్యకి పుట్టిల్లు స్టౌట్ ఫ్యాక్టరీయే. చిన్న శాంపిల్‌తో నిజం ఎలా తేల్చాలో చెప్పే టీ-టెస్ట్ ఉంది కదా, దాన్ని కనిపెట్టిన గాసెట్ డబ్లిన్ గిన్నెస్‌లో ఉద్యోగి. కంపెనీ సొంత పేరుతో అచ్చువేయనివ్వకపోతే 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో వేశాడు. ఆయన స్నేహితుడు ఫిషర్ టీలో పాలు ముందు పోశారా తర్వాత పోశారా అన్న గొడవతో పరీక్ష పద్ధతినే కట్టాడు. ఆ ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేసినవాడే మా ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు. కాబట్టి ఈ గొడవలో మాకూ వాటా ఉంది.

వాసన_శాస్త్రం (మైసూరు)

గంగాధర్ గారూ, అన్నిటికీ పనికొస్తుంది, దీనికొక్కదానికి పనికిరాదు. కళ్ళకి గంతలు కట్టొచ్చు, నాలుకకి కట్టలేం కదా. ఏది చల్లగా ఉందో పెదవికి తగలగానే తెలిసిపోతుంది. ఎవరి పార్టీకి వాళ్ళు మార్కులు వేసుకుంటారు. కాస్త దారి ఒకటే ఉంది. ఒకే గ్లాసు పోసుకుని, చల్లగా మొదలుపెట్టి, థర్మామీటరు పెట్టి, వేడెక్కుతున్నకొద్దీ ఒక్కో గుక్క తాగి రాసుకోవడం. పరీక్ష అనిపించుకోదు, కనీసం ఏ డిగ్రీ దగ్గర ఏం మారిందో తెలుస్తుంది.

గణాంకాల_గంగాధర్ (విశాఖపట్నం)

ఒప్పుకున్నాను. ఓటమి అరుదుగా ఒప్పుకుంటాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

నల్లకుంట_నాని (హైదరాబాద్)

అందరికీ దండాలు. మేడమ్ గారి మాట విని ఆదివారం పరీక్ష పెట్టాను. పాలు తోడుపెట్టడానికి మా అమ్మకి కొనిచ్చిన థర్మామీటరు తీశాను (కడిగే పెట్టానమ్మా). ఏసీ గది 26 డిగ్రీలు. ఒకటి గోళీ ఉన్న గిన్నెస్ క్యాన్, 4.2 శాతం. రెండోది బావ తెచ్చిన లయన్ స్టౌట్. రెండూ ముందు రోజు రాత్రి నుంచి ఫ్రిజ్ కింది అరలో ఉన్నాయి.

మొదట క్యాన్. ఫ్రిజ్‌లో 5 డిగ్రీలు ఉన్నది గ్లాసులో పోయగానే 8 చూపించింది. మూడు డిగ్రీలు గ్లాసే తినేసింది! ఆ 8 దగ్గర చాలా బాగుంది, మెత్తగా, మీగడలా, చివర్లో కాఫీ. 12 దాకా పర్వాలేదు. 15 దాటాక నారాయణ గారూ, మీరు చెప్పిన నీళ్ళ డికాక్షనే. నురగ ఉంది కానీ కింద ఏమీ లేదు. కార్క్ తమ్ముడికి ఒక పాయింటు.

తర్వాత లయన్. 8 డిగ్రీల దగ్గర మొదటి గుక్కకి నిజం చెప్పాలంటే నాకు బావ మీద జాలేసింది. మాడిన రొట్టె, చేదు, అంతే. దీని కోసమా ఇంత దూరం మోసుకొచ్చాడు అనిపించింది. రాసుకుని పక్కన పెట్టాను. ఇరవై నిమిషాలకి 12 డిగ్రీలు. వాసన చూశాను. ముందు నమ్మకం కలగలేదు, మళ్ళీ చూశాను. కోకో పొడి డబ్బా మూత తీసినట్టు ఉంది. ఇంకో గుక్క తాగితే తాటిబెల్లం పాకం ముదిరాక అడుగున ఉండే రుచి. అదే గ్లాసు, అదే బీరు, నేను ఏమీ కలపలేదు. ముప్పావు గంటకి 16 డిగ్రీలు. అప్పుడు ఇంకా చిక్కగా ఉంది, తీపి పెరిగింది, కానీ గొంతులో ఆల్కహాల్ మంట మొదలైంది. 20 దాకా ఆగుదామనుకున్నాను, గ్లాసులో మిగల్లేదు.

కాబట్టి నా తీర్పు: క్యాన్ చల్లగా, లయన్ కూజా చల్లదనంలో. ఫ్రీజర్ విషయంలో బావదే రైటు. గది వేడి విషయంలో మాత్రం బావది తప్పు, ఎందుకంటే ఆ రోజు మా బాల్కనీలో 33 ఉంది.

నురగ_నారాయణ (బెంగళూరు)

ఫ్రిజ్‌లోంచి తీసి ఇరవై నిమిషాలు ఆగడాన్ని నేను "చల్లగా తాగడం" కిందే లెక్క వేసుకుంటున్నాను. గెలిచాను.

షెఫీల్డ్_డాక్టర్ (ఇంగ్లండ్)

12 డిగ్రీలని మేం సెల్లార్ అంటాం నారాయణ గారూ. గెలిచింది మేము.

వాసన_శాస్త్రం (మైసూరు)

నాని గారూ, ఒక్క గ్లాసుతో తీర్పు ఇచ్చేశారు. అదే పరీక్ష ఇంకోసారి చేసి చూశారా? ఈసారి వెచ్చగా ఉన్న సీసాతో మొదలుపెట్టి, గ్లాసుని చల్లటి నీళ్ళలో పెట్టి వెనక్కి రావాలి. మొదటి గుక్కలన్నీ చల్లవే కాబట్టి, నోరు అలవాటు పడి తర్వాతవి మెరుగ్గా అనిపించి ఉండొచ్చు.

నల్లకుంట_నాని (హైదరాబాద్)

చేశాను మేడమ్. రెండో సీసాతో నిన్న రాత్రే చేశాను. వెనక్కి వచ్చినా కోకో 12, 13 దగ్గరే దొరికింది. 9కి దింపితే మళ్ళీ మూత పడింది.

డబ్లిన్_బావ (డబ్లిన్)

ఈ లింకు మా చెల్లెలు పంపింది. మొత్తం చదివాను. రెండు సీసాలు తెచ్చాను నానీ. ఒకటి నీకు. రెండోది వేసవిలో వచ్చినప్పుడు తాగుతానని చెప్పి బియ్యం డబ్బా వెనక, చల్లగా ఉంటుందని, నేనే నా చేతులతో పెట్టి వెళ్ళాను.

నల్లకుంట_నాని (హైదరాబాద్)

బావా, బియ్యం డబ్బా వెనక 27 డిగ్రీలు ఉంది. కొలిచాను.